కారులోని నీరు ఎచటికి పోవుచున్నది?

(సంఘము వారి మాసపు గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)

 

గత మాసము ఇదే వేదికపై మిత్రులొకరు పోతన భాగవతమును గూర్చి ప్రసంగించిరి. అంతకు ముందు త్యాగరాజస్వామి కృతులను గూర్చి వింటిమి. వారి వెనుక నేను వచ్చి కారు రేడియేటరును గూర్చి మాటలాడ పూనుకొనుట కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును. నేను చదివినది చరిత్ర. యంత్రశాస్త్రమున నాకు ఓనమాలు కూడ రావు. అయినను కార్యదర్శిగారు వదలలేదు. "మధ్యాహ్నపు భోజనవేళ మాకు చెప్పిన కథనే సభలో చెప్పండి. మనలో సగము మందివి ప్రాత కార్లే గదా!" అని పట్టుపట్టిరి. కనుక తప్పులున్నచో సగము బాధ్యత వారిది.

మాది పెట్రోలుతో నడచు చిన్న కారు, కొని పదకొండేండ్లయినది. 2022 డిసెంబరులో ఒక ఉదయము బానెట్టు ఎత్తి చూడగా, రేడియేటరు ప్రక్కనుండు ప్లాస్టికు సీసాలో నీటిమట్టము క్రింది గీత కంటె దిగువకు పోయియున్నది. కారు నిలిపిన చోట నేల పొడిగా నున్నది. ఒక్క చుక్క జాడ లేదు. ఇంట కుళాయి నీరు ఒక గ్లాసు పోసి ఆఫీసునకు పోయితిని. పండ్రెండు దినముల తరువాత మరల అదే కథ. కొట్టువాడు రేడియేటరు మూత మార్చుమనగా మార్చితిని. నష్టము కొంచెము తగ్గినట్లు తోచినది గాని ఆగలేదు. మార్చి వచ్చుసరికి దానంతట అదే ఆగిపోయినది. నేను సంతోషించి ఆ సంగతియే మఱచితిని.

ఇక్కడ పెద్దలకొక మాట మనవి చేయవలెను. అంబాసడరు కాలమున రేడియేటరులో నీరు పోయుట నిత్యకృత్యము. తెల్లవారగనే డ్రైవరు చెంబుతో నీరు తెచ్చి పోయుట, ఘాట్ రోడ్డు సగమెక్కిన తరువాత బానెట్టు తెఱచి ఆవిరులు చల్లారువఱకు చెట్టు క్రింద కూర్చుండుట మనలో పలువురు చూచినవే. ఆ కారు నిర్మాణము 2014లో ఆగినది గాని, ఆ అలవాటు మన చేతులలో మిగిలియున్నది. ఇప్పటి కారులోని శీతల వ్యవస్థ అన్ని వైపుల మూసిన పాత్ర వంటిది. కాచిన నీరు వ్యాకోచించి మూతలోని ఒక కవాటమును త్రోసికొని సీసాలోనికి పోవును. చల్లారగానే మూతలోని రెండవ కవాటము ద్వారా వెనుకకు చేరును. ఇందులో తఱుగు అనునది ఉండరాదు. ఏడాదికి ఒక వ్రేలి మందము తగ్గిన క్షమింపవచ్చును గాని, పక్షమునకొక గ్లాసు పట్టినచో అది రోగ లక్షణమే. నేను దానిని దాహమని భ్రమించితిని.

మనము నీరనుచున్నను అది వట్టి నీరు గాదు. కూలెంటు అని దుకాణములలో అమ్మునది ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవమునకు, తుప్పు పట్టకుండ కాపాడు మందులు చేర్చినట్టిది. దానిని శుద్ధజలముతో సగపాలు కలిపినచో సుమారు మైనస్ 37 డిగ్రీల వఱకు గడ్డకట్టదు. మఱిగి ఆవిరియగు ఉష్ణోగ్రత 100 డిగ్రీలను దాటును. దానికి తోడు మూత బిగించి లోపల ఒత్తిడి నిలిపినచో 120 డిగ్రీలు దాటినను మఱుగదు. మూత చెడినచో మఱుగు ఉష్ణోగ్రత పడిపోవును. చూచుటకు సీసా మూత వలెనున్న ఆ వస్తువు విలువ అప్పుడు తెలియును.

ఇక 2023 చలికాలము. మా తల్లిగారు బందరు నుండి వచ్చి మాతో నుండిరి. ఆమెకు డెబ్బదియాఱేండ్లు, ఢిల్లీ చలి ఎముకలకు పట్టును. ఆమె ముందు సీటులో కూర్చున్నప్పుడెల్లను హీటరు పెట్టుచుంటిని. రెండు మూడు మారులు ఆమె, "ఏమిరా అబ్బాయీ, ఎక్కడో బెల్లప్పాకం పడుతున్నట్టు వాసన వస్తోంది" అనిరి. దారి ప్రక్కన గజక్ అమ్మువారి బండ్లుండును గదా, అదియై యుండునని నేను సమాధానము చెప్పితిని. ముందటి అద్దము లోపలి వైపున మసక క్రమ్ముచుండెను. గుడ్డతో తుడిచినచో పోవుటకు బదులు నూనె పూసినట్లు పఱచుకొనుచుండెను. ఢిల్లీ పొగమంచును తిట్టుకొని ఊరకుంటిని.

2024 జనవరిలో ఒక ఆదివారము ఆమెను బృందావనము చూపుటకై బయలుదేరితిమి. యమునా ఎక్స్‌ప్రెస్‌వే గ్రేటర్ నోయిడా నుండి ఆగ్రా వఱకు 165 కిలోమీటర్ల దారి. శీతకాలపు ఉదయములలో అక్కడి పొగమంచు ఎంతటిదో, ఒకదాని వెనుక నొకటిగా బండ్లు ఢీకొన్న వార్తలు ఏటేట పత్రికలలో చదువువారికి నేను చెప్పనక్కరలేదు. జేవర్ టోలు దాటిన కొంత దూరమునకు అమ్మ, "చలిగాలి వస్తోందిరా, ఆపెయ్" అనిరి. హీటరు మీట వేడి వైపుననే యున్నది. గాలి మాత్రము చల్లగా వచ్చుచున్నది. పనికిమాలిన హీటరని విసుగుకొని మీట చలి వైపునకు త్రిప్పితిని. రెండు నిమిషములలో ఉష్ణమాపకపు ముల్లు ఎఱ్ఱ గీత వైపు లేచినది.

ఇప్పుడు తెలిసిన మాట చెప్పెదను. హీటరు అనునది డాష్‌బోర్డు వెనుక నుండు ఒక చిన్న రేడియేటరు. ఇంజను నుండి వచ్చు వేడి నీరే దానిలో ప్రవహించును; దాని మీదుగా గాలి వీచును. ఇంజనులో నీరు తగ్గినప్పుడు మొదట ఎండునది తఱచుగా అదియే. కావున హీటరు ఉన్నట్లుండి చలిగాలి నూదుట, ముల్లు లేచుటకు ముందే వచ్చు హెచ్చరిక. ముల్లునే నమ్ముకొని కూర్చుండుటయు క్షేమము గాదు. నీరంతయు పోయి ఉష్ణోగ్రతను కొలుచు సాధనము గాలిలో మిగిలినచో, లోపల ఇంజను కాలుచున్నను ముల్లు తక్కువగా చూపవచ్చును.

నేను కారు ఎడమ అంచునకు తీసి, దీపములు వెలిగించి, ఇంజను ఆపి, అమ్మను, మా ఆవిడను, పిల్లలను కంచె ఆవలికి పంపితిని. ఆ తరువాత చేయబోయినది తలంచుకొన్న ఇప్పటికిని ఒడలు జలదరించును. చేతిలో తువ్వాలు తీసికొని రేడియేటరు మూత త్రిప్పబోయితిని. మా వెనుక ఆగిన లారీ డ్రైవరొకడు పరుగున వచ్చి నా చేయి పట్టి లాగి, హిందీలో నేను ఇక్కడ చెప్పగూడని మాట ఒకటి అన్నాడు. అతడు అట్లనుట న్యాయమే. మూత క్రింద ఒత్తిడిలోనున్న నీరు 100 డిగ్రీలకు మించి కాగియున్నను మఱుగక నిలిచియుండును. మూత తీసిన క్షణమున అది ఒక్కమాఱుగా ఆవిరియై ముఖమునకు చిమ్మును. కన్నులు పోయినవారు కలరు. గంటసేపు ఆగి, ఇంజను చేతితో తాక వీలైన తరువాత, త్రాగుటకు తెచ్చుకొన్న సీసాల నీరు కొంచెము కొంచెముగా పోసితిమి. ఒకటింబాతిక లీటరు పట్టినది. బృందావనము మానుకొని వెనుకకు మరలితిమి. చలిగాలి రాకుండ హీటరు మూసియే యుంచి, కిటికీలు కాస్త తెఱచి, ఎనుబది కిలోమీటర్లు మెల్లగా నడిపి ఇల్లు చేరితిమి. ఇల్లు చేరి చల్లారిన పిమ్మట చూడగా నీటిమట్టము ఒక్క వ్రేలైనను తగ్గలేదు. ఆ సంగతి కన్నులారా చూచియు దాని యర్థమును గ్రహింపలేదు.

పది దినములు ఆఫీసునకు మాత్రము నడిపి, పేరున్న ఒక పెద్ద కార్ఖానాకు కారును తీసికొనిపోయితిని. అక్కడి యువకుడు ఇంజను ఆయిలు పోయు మూత త్రిప్పి, దాని అడుగున వెన్నవలె అంటియున్న తెల్లని పదార్థమును చూపెను. "నీరు ఆయిలులో కలియుచున్నది, హెడ్ గాస్కెట్టు పోయినది, ఇంజను విప్పవలెను, నలువది రెండు వేలు" అని కాగితము వ్రాసి నా చేతికిచ్చెను. పొగగొట్టము నుండి వచ్చు తెల్లని ఆవిరిని కూడ సాక్ష్యముగా చూపెను. ఆ మాసముననే మా అమ్మాయి కళాశాలకు రుసుము కట్టవలసియున్నది. అయినను సాక్ష్యము కంటి ముందున్నప్పుడు ఏమనగలను? సంతకము చేయుటకు కలము తీసితిని. మాకు ఆఫీసులో ఒక చెడ్డ అలవాటున్నది: పెద్ద మొత్తము గల కాగితమును ఒక రాత్రి ఇంట నుంచుకొని గాని సంతకము చేయము. రేపు వత్తునని చెప్పి వచ్చితిని.

హెడ్ గాస్కెట్టు అను మాట వినగనే కారుగలవారి గుండె జాఱును. కాబట్టి అది ఏమో చెప్పుట మంచిది. ఇంజను క్రింది దిమ్మకును పై దిమ్మకును నడుమ నుండు పలుచని అతుకు అది. సిలిండరులోని మంటను, నూనెను, నీటిని ఒకదానితో నొకటి కలియనీయకుండ ఆపునది అదియే. అది చిరిగినచో, ఇంజను నడచునప్పుడు నీటికంటె అనేక రెట్లు ఒత్తిడి గల మంటవాయువు నీటిలో చొచ్చి బుడగలు పుట్టించును. ఆపిన తరువాత నీరు మెల్లగా సిలిండరులోనికి జాఱును. మఱునాడు స్టార్టు చేసినప్పుడు తీపి వాసన గల దట్టమైన తెల్లని పొగగా బయటపడును. రోగము నిజమైనదే, భయంకరమైనదే. ఆ యువకుడు చూపిన రెండు సాక్ష్యములు మాత్రము ఢిల్లీ జనవరిలో ఆరోగ్యవంతమైన కారునకును వర్తించును. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపమున పుట్టును. చలిలో అది తెల్లగా కనబడక యేమగును? మా ఇంటి నుండి సచివాలయము ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు; అంత కొంచెము దూరములో చలికాలమున ఇంజను ఆయిలు పూర్తిగా కాగదు. లోపలి తేమ మూత అడుగున చేరి నూనెతో చిలికి వెన్న కట్టును.

ఇది నాకు చెప్పినవాడు మా కాలనీ మార్కెట్టు వెనుక సందులో తాటాకు పందిరంత షెడ్డులో పని చేయు ఒక వృద్ధ సర్దార్జీ. మఱునాటి ఉదయము అతని వద్దకు పోయితిని. అతడు వెన్నను చూచి చిఱునవ్వు నవ్వి, ఆయిలు కొలత కడ్డీని లాగి తెల్లగుడ్డపై తుడిచి చూపెను. నూనె నల్లగా, స్వచ్ఛముగా నున్నది, మట్టము పెరుగలేదు. స్పార్కు ప్లగ్గులు నాలుగును ఊడదీసి వరుసగా పెట్టెను. నీరు చొచ్చిన సిలిండరులోని ప్లగ్గు ఆవిరితో కడిగినట్లు మిగిలిన వానికంటె శుభ్రముగా నుండునట. నాలుగును ఒకే రంగున నున్నవి. పిమ్మట నీలిరంగు ద్రవము గల గాజు గొట్టమును రేడియేటరు మూతి మీద పెట్టి, ఇంజను నడుచుచుండగా అందలి గాలిని ద్రవము గుండ పీల్చెను. మంటవాయువు అందులో నున్నచో ఆ నీలము పసుపుగా మాఱవలెను. మాఱలేదు. ఇంత పరీక్షకు పట్టినది ముప్పావు గంట. కార్ఖానాలో ఈ పరీక్ష చేసితిరా అని ముందునాడు అడిగినప్పుడు, "విప్పినప్పుడు తెలియును గదా" అని జవాబు వచ్చినది.

సర్దార్జీ సర్వజ్ఞుడని చెప్పబోను. అతడు మొదట వాటర్ పంపును అనుమానించెను. పంపు లోపలి సీలు అరిగినప్పుడు నీరు బయటపడుటకై దాని అడుగున ఒక చిన్న రంధ్రముండును; అచటినుండి కారు నీరు వేడి ఇంజనుపై పడి వెంటనే ఆవిరియగును గనుక నేలపై చుక్క కనబడదు; రంగు పొఱ మాత్రము మిగులును. అద్దము పెట్టి వెదకినాడు, పొఱ లేదు. హోసుపైపుల బిగింపులను, రేడియేటరు అంచులను చూచినాడు. అచటను ఏమియు లేదు. ఒక చేతిపంపును రేడియేటరు మూతికి బిగించి, మూతపై ముద్రించిన 0.9 అను అంకె వఱకు ఒత్తిడి ఎక్కించి, ముల్లును చూచుచు టీ తెప్పించెను. పావుగంటకు కూడ ముల్లు కదలలేదు. "సాబ్, మీ కారులో కంత లేదు. మీరే తప్పు చూచియుందురు" అనెను.

నేను గుమాస్తాగా చేరిన నాటినుండి పెట్రోలు పోసిన ప్రతిమాఱు ఒక పుస్తకమున వ్రాయువాడను. నీరు పోసినదియు అందులోనే వ్రాసితిని. ఒక సంవత్సరపు పుటలు అతని బల్లపై పఱచి చూచితిని. 2022 డిసెంబరు నుండి 2023 ఫిబ్రవరి వఱకు అయిదు మాఱులు. మార్చి నుండి అక్టోబరు వఱకు ఒక్కమాఱును లేదు. నవంబరున ఒకటి, డిసెంబరున మూడు. నేను వ్రాసిన అక్షరములే. ఏడాది పొడవున ఒకదాని ప్రక్కన నొకటి పెట్టి చదువలేదు. మే, జూన్ మాసములలో 45 డిగ్రీల ఎండలో, ఇంజను మిక్కిలి శ్రమపడుకాలమున పోని నీరు, గడ్డకట్టు చలిలో ఎందులకు పోవలెను? హెడ్ గాస్కెట్టునకు ఋతుభేదము ఉండునా?

సర్దార్జీ ఆ పుట చదువలేడు, తెలుగు గదా. నేను చెప్పినది విని కొంతసేపు మాటలాడలేదు. లేచి కారులో కూర్చుండి, చలి వైపుననున్న హీటరు మీటను వేడి వైపునకు త్రిప్పి వచ్చి, పంపుతో మరల 0.9 ఎక్కించెను. మా కారులో ఆ మీటను త్రిప్పినప్పుడే హీటరులోనికి నీటిదారి తెఱచుకొనును. వేసవిలో అది మూసియుండును. అన్ని కార్లలో ఇట్లుండదు. కొన్నిటిలో నీరు ఎల్లప్పుడు ప్రవహించును, గాలికి మాత్రమే తలుపుండును. పది నిమిషములలో ముల్లు 0.6కు దిగినది. కారు క్రింద నేల పొడిగనే యున్నది. అతడు ఎడమ తలుపు తెఱచి, అమ్మ కాళ్లు పెట్టుకొను చోట రబ్బరు చాపను, దాని క్రింది తివాచీని ఎత్తెను. అడుగునున్న దూది పొర పచ్చగా తడిసి, జిగటగా నున్నది. వ్రేలికి అంటించుకొని వాసన చూచితిని. బెల్లప్పాకము.

అద్దముపై తుడిచినకొలది పఱచుకొన్న మసక ఆ గ్లైకాల్ ఆవిరియే. ఆ మసక అద్దములో నుండియే నేను ఆనాడు ఎక్స్‌ప్రెస్‌వే పొగమంచులో నలుగురిని కూర్చుండబెట్టుకొని కారు నడిపితిని. అమ్మ సుఖమునకై పెట్టిన హీటరే ఇంజనులోని నీటిని ఆమె పాదముల క్రింద కుమ్మరించినది. ఆ సాయంకాలము ఇంటికి పోయి ఆమెతో, "నీవు చెప్పినది నిజమేనమ్మా" అంటిని. "ఏది?" అనిరి. వాసన మాట ఆమెకు జ్ఞాపకమే లేదు.

డాష్‌బోర్డు విప్పి బిగించుటకు రెండు దినములు పట్టినది. వచ్చిన హీటరు గుండె ఒక నిఘంటువంత పరిమాణముననున్న అల్యూమినియము చట్రము. దాని మూల సూదిమొన యంత రంధ్రము, చుట్టును తెల్లని పొక్కు. సర్దార్జీ దానిని చూపి, "కుళాయి నీరు పోసితిరా?" అని యడిగెను. తప్పొప్పుకొంటిని. ఢిల్లీ నీటిలో సున్నపు పాలు ఎక్కువ; గ్లాసు గ్లాసుగా పోసినకొలది కూలెంటులోని తుప్పు మందు పలచనై, అల్యూమినియమునకు రక్షణ తగ్గినది. తొలి రంధ్రము ఎట్లు పడినదో గాని, దానిని పెద్దది చేసినది నా గ్లాసే. క్రొత్త హీటరు గుండె, కూలెంటు, కూలి అంతయు కలిపి ఏడువేల రెండువందలు. ఎక్స్‌ప్రెస్‌వే పై ముల్లు లేచిన వెంటనే ఇంజను ఆపుటచే పై దిమ్మ వంకర పోలేదట. అది నా తెలివి గాదు, భయము.

చౌకగా రెండు గొట్టములను ఒకదానికొకటి కలిపి హీటరును తప్పించు మార్గమున్నది. బందరులో నైనచో అట్లే చేయుమందును, ఇక్కడ పొగమంచులో అద్దము తేటపడుటకు హీటరు కావలెను. రంధ్రములు పూడ్చు పొడులు దుకాణములలో దొరకును. అవి సన్నని దారులను కూడ పూడ్చును గనుక నేను వాని జోలికి పోలేదు. కూలెంటు రంగును చూచి మోసపోవలదు: పచ్చదనము, ఎఱ్ఱదనము తయారుచేయువారి ఇష్టము, వేఱు రకములను కలుపరాదు. తీసివేసిన ద్రవమును మాత్రము పళ్లెములో వదలి ఏమఱవలదు. రుచి తీయగా నుండును గాని విషము. కుక్కలు, పసిపిల్లలు నాకినచో మూత్రపిండములు చెడును.

అధ్యక్షులవారు గడియారము చూచుచున్నారు. ఆ పెట్రోలు పుస్తకమును వెంట తెచ్చితిని. 2024 ఫిబ్రవరి తరువాత, మఱుసటి చలికాలమంతయు కలిపి, "నీరు" అను మాట అందులో లేదు. చూడదలచినవారు కాఫీ వేళ చూడవచ్చును.